తడి ఒక గుప్పెడు, పొడి రెండు గుప్పెళ్లు

శ్రోతలకు నమస్కారం.

మన దేశంలో ఇళ్లలోనే ఏడాదికి 7.8 కోట్ల టన్నుల ఆహారం వృథా అవుతోందని ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024 నివేదికలో అంచనా వేసింది. మనిషికి 55 కిలోలు. నలుగురున్న ఇంటికి రోజుకు 600 గ్రాములన్నమాట. ఈ లెక్కలో పారబోసిన సాంబారన్నమే కాదు, సొరకాయ తొక్కు, గోంగూర కాడలు, చింతపండు పిప్పి కూడా ఉన్నాయి. రాత్రి మిగిలిన అన్నం పొద్దున పులిహోర అవుతుంది. మరి తొక్కులు? ఈ పూట మాట వాటి గురించే.

2012లో మావళ్లిపుర డంపింగ్ యార్డుకు చెత్త వెళ్లడం ఆగిపోయినప్పుడు మన బెంగళూరు వీధుల్లో గుట్టలు పేరుకున్నాయి. ఇప్పుడు చెత్తబండి వాళ్లు ‘హసి కస’ అంటూ తడిచెత్త, ‘ఒణ కస’ అంటూ పొడిచెత్త విడివిడిగా అడగడం మనకు అలవాటే. వేరు చేయని తడిచెత్త గుట్టలో పూడుకుపోతే గాలి అందక మీథేన్ పుడుతుంది. వందేళ్ల లెక్కన అది కార్బన్ డయాక్సైడ్ కన్నా దాదాపు 28 రెట్లు వేడి పుట్టిస్తుంది. గాలి అందితే అదే తొక్కు ఎరువు. తేడా అంతా గాలిదే.

ఆ గాలి బాల్కనీలోనే ఇవ్వొచ్చు. మూతున్న 20 లీటర్ల పాత బకెట్లు రెండు చాలు. చుట్టూ మూడేసి అంగుళాల దూరంలో పెన్సిల్ పట్టేంత రంధ్రాలు, అడుగున నాలుగైదు. కింద రెండు ఇటుకలు, వాటి మధ్య ఒక పళ్లెం. అడుగున రెండంగుళాలు ఎండుటాకులు పరిచి, పాత ఎరువు ఒక గుప్పెడు చల్లండి. అది లేకపోతే పుల్లమజ్జిగ అరగ్లాసు.

ఇక రోజూ ఒకటే లెక్క: తడి ఒక గుప్పెడు, పొడి రెండు గుప్పెళ్లు. పొడి అంటే ఎండుటాకులు, రంపపు పొట్టు, లేదా కొబ్బరిపొట్టు. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. నర్సరీలో కొన్న కొబ్బరిపొట్టు ఇటుకను మొక్కలకు నానబెట్టినట్టే నానబెట్టి బకెట్లో వేస్తారు. నీళ్లు పీల్చాల్సింది ముందే నీళ్లు తాగి కూర్చుంటే తొక్కుల నీళ్లు ఎక్కడికి పోతాయి? ఇటుకను సుత్తితో పొడి చేయండి. తడిపితే మళ్లీ ఎండబెట్టే వాడండి.

వండిన కూరైతే జల్లెట్లో వేసి పులుసు వంచేయండి. చేపముళ్లు, మాంసం ఎముకలు మొదట్లో వద్దు. కొబ్బరి చిప్పలు అసలే వద్దు, అవి ఏళ్లపాటు అలాగే ఉంటాయి. వారానికి రెండుసార్లు కర్రతో అడుగునుంచి తిప్పండి.

ఒక గుప్పెడు తీసి పిండి చూడండి. ముద్ద కట్టాలి, నీటి చుక్క రాలకూడదు. చుక్క రాలినా, కుళ్లిన గుడ్ల వాసన వచ్చినా గాలి ఆడడం లేదని. పొడి కలిపి తిప్పండి. ఘాటుగా అమ్మోనియా వాసన వస్తే ఎండుటాకులు తక్కువయ్యాయి. చీమలు పట్టి, తొక్కులు అలాగే ఉంటే ఎండిపోయింది, మజ్జిగ చిలకరించండి. తెల్లటి పురుగులు కనబడగానే బకెట్టే పారేసేవాళ్లున్నారు. పాపం, అవి మన పనివాళ్లే. తడి తగ్గిస్తే తగ్గిపోతాయి. జూన్ జల్లుల్లో మాత్రం రెండు గుప్పెళ్లు చాలవు, మూడు వేయండి.

మూడు నాలుగు వారాల్లో మొదటి బకెట్ నిండుతుంది. పక్కన పెట్టి రెండోది మొదలుపెట్టండి. నిండినదాన్ని మరో 40 రోజులు తిప్పుతూ ఉంచితే, నల్లగా, తొలివాన మట్టి వాసనతో దిగుతుంది. జల్లెడ పట్టి, ఒక పాలు ఎరువు మూడు పాళ్ల మట్టిలో కలిపి కరివేపాకు కుండీకి వేయండి. వారం తర్వాత అందులో టమాటా మొలకలు లేస్తే ఆశ్చర్యపోకండి. చిన్న బకెట్లో గింజ చచ్చేంత వేడి పుట్టదు. ఒకటి రెండు ఉంచి, మిగతావి పీకేయండి.