చెట్టును చూసిన మనిషి, కంచెను చూసిన అమ్మాయిలు

అందరికీ నమస్కారం.

అనంతపురం జిల్లా తోటల్లో డ్రిప్పు, అంటే చెట్టు మొదలు దగ్గర చుక్క చుక్కగా నీళ్లిచ్చే పైపులు, వేయించే పని చేస్తూ పాతికేళ్లు దాటింది. ఇజ్రాయెల్ టెక్నాలజీ గురించి పిల్లలకు నాలుగు మాటలు చెప్పమని మీ కాలేజీ సార్లు అడిగారు. శిక్షణ కోసం నేనక్కడ మూడు వారాలున్నాను. హీబ్రూ రాదు. బయటివాడిగా కళ్లతో చూసింది, వచ్చాక చదివి తెలుసుకున్నది కలిపి చెబుతాను. చెక్ పాయింట్, వేజ్, మొబిలై లాంటి కంపెనీల గురించి మీకు నాకంటే బాగా తెలుసు. వాటి జోలికి వెళ్లను. నాకు తెలిసిన నీళ్లతో మొదలుపెడతాను.

1930లలో సింఖా బ్లాస్ అనే నీటి ఇంజనీరు ఒక పొలం దగ్గర చెట్ల వరస చూశాడు. అన్నీ ఒకే రకం చెట్లు. వాటిలో ఒకటి మాత్రం విపరీతంగా ఏపుగా ఉంది. ఎవరూ దానికి నీళ్లు పెట్టడం లేదు. దాని మొదలు దగ్గర తవ్వి చూస్తే పైపు అతుకు దగ్గర నీళ్లు చుక్క చుక్కగా కారుతున్నాయి. పైన తడి కొంచెమే, లోపల మాత్రం అది ఉల్లిగడ్డలా ఉబ్బి వేళ్ల దాకా పోయింది. ఆ చెట్టు బ్లాస్ మనసులో ఉండిపోయింది. అప్పట్లో సన్నటి గొట్టాలు చవకగా చేసే ప్లాస్టిక్ లేదు. అది వచ్చాక, 1950ల చివర్లో, మళ్లీ ఆ పని పట్టుకున్నాడు. 1965లో నెగెవ్ ఎడారిలోని హత్జెరిమ్ అనే కిబ్బుట్జ్, అంటే ఉమ్మడి వ్యవసాయ గ్రామం, ఆయనతో ఒప్పందం చేసుకుంది. డ్రిప్పు పైపులు చేసే నెటాఫిమ్ కంపెనీ అలా పుట్టింది. చెట్టును చూసిన రోజుకీ, డ్రిప్పు అమ్మకానికి వచ్చిన రోజుకీ మధ్య 30 ఏళ్లు గడిచాయి.

ఆ ఊరి పక్కనున్న బీర్‌షెబాలో ఏడాదికి సుమారు 200 మిల్లీమీటర్ల వాన పడుతుంది. మన అనంతపురంలో 550. కరువు జిల్లా అని మనం చెప్పుకునే చోట, వాళ్లకంటే రెండున్నర రెట్లు ఎక్కువ వాన!

మరి మనకూ డ్రిప్పు వచ్చింది కదా? వచ్చింది. 1990లలో కుప్పంలో ఇజ్రాయెల్ పద్ధతిలో సాగు చేసి చూపించారు. 2003లో ఉమ్మడి రాష్ట్రంలో సూక్ష్మ సేద్య పథకం మొదలైంది. సబ్సిడీ మీద లక్షల ఎకరాలకు పైపులు వెళ్లాయి. చీనీ (బత్తాయి) తోటలు ఇవాళ నిలబడి ఉన్నాయంటే అందులో డ్రిప్పు పాత్ర చాలా ఉంది. ఆ పని చేసినందుకు నాకు గర్వంగానే ఉంటుంది. కానీ చుట్టలు చుట్టి గట్టు మీద పడేసిన పైపులు కూడా అంతే చూశాను. ఉప్పు పట్టి డ్రిప్పర్లు మూసుకుపోతాయి, యాసిడ్ పెట్టి కడగాలని ఎవరూ రైతుకు చెప్పరు. ఉడతలు కొరుకుతాయి. అమర్చినవాళ్లు బిల్లు పాసయ్యాక మళ్లీ ఆ దారిన రారు.

నా తప్పు కూడా ఒకటి చెప్పాలి. పనిలో చేరిన కొత్తలో ఒక పెద్దాయన, "సార్, ఆ దిగువ వరసకు నీళ్లు అందడం లేదు, చెట్లు వాడుతున్నాయి" అన్నారు. నేను డిజైన్ కాగితం తీసి, ప్రెషర్ లెక్క ప్రకారం అంది తీరాలని వాదించాను. నెల రోజులు ఆయన చెబుతూనే ఉన్నారు. చివరికి గడ్డపార తీసుకుని దిగువ వరసలో తవ్వి చూపించారు. జానెడు లోతున పొడి మట్టి. అప్పటికి 11 చెట్లు పోయాయి. ఇజ్రాయెల్లో బ్లాస్ కథ విన్నప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ గడ్డపారే.

మనం పైపు తెచ్చుకున్నాం, దాని వెనకున్న చట్టాన్ని తెచ్చుకోలేదు. వాళ్లు 1955లోనే నీటికి మీటర్లు పెట్టాలని చట్టం చేశారు. 1959లో ఇంకో చట్టం చేశారు. దాని ప్రకారం దేశంలో నీళ్లన్నీ ప్రజల ఉమ్మడి ఆస్తి. మీ పొలం కిందున్న నీళ్లు మీవి కావు, తోడుకోవాలంటే అనుమతి కావాలి, తోడింది కొలవాలి. మనకు 2004 నుంచి బోర్లకు కరెంటు ఉచితం. దాన్ని తీసేయమని నేను అనను. రైతుల అప్పులు ఎలాంటివో దగ్గరుండి చూశాను. కానీ కొలతే లేనప్పుడు డ్రిప్పు మిగిల్చిన నీళ్లు ఎక్కడికి పోతున్నాయి? ఇంకో రెండెకరాలకు పోతున్నాయి. పక్కన ఇంకో బోరు పడుతోంది. భూమిలో నీటిమట్టం మాత్రం పైకి రావడం లేదు.

స్టార్టప్ పెట్టాలనుకునేవాళ్లకు ఒక్క విషయం. 1987లో ఇజ్రాయెల్ మంత్రివర్గం లావీ అనే యుద్ధ విమానం ప్రాజెక్టును ఒక్క ఓటు తేడాతో రద్దు చేసింది. వేలమంది పని పోయి బయటికొచ్చారు. ఆ తర్వాత కొన్నేళ్లకే సోవియట్ దేశాల నుంచి లక్షలాది మంది వలస వచ్చారు. వాళ్లలో ఇంజనీర్లు చాలామంది. చదువు ఉంది, పెట్టుబడి లేదు. ప్రభుత్వం మొదట ఇన్‌బాల్ అనే పథకం పెట్టింది. కొత్త కంపెనీల్లో పెట్టుబడి పెట్టే వెంచర్ ఫండ్లకు నష్టమొస్తే 70 శాతం దాకా భరిస్తామన్న హామీ అది. ఫలితం రాలేదు. నష్టానికి హామీ దొరికిన మేనేజర్లకు కంపెనీల వెంట పడి పనిచేయాల్సిన అవసరం ఏముంది? ఆ పథకాన్ని సాగదీయకుండా 1993లో యోజ్మా అనే ఇంకో పథకం తెచ్చారు. 10 కోట్ల డాలర్లు. 10 ఫండ్లలో ప్రభుత్వం భాగస్వామిగా చేరింది. ఈసారి హామీ లేదు. గెలిస్తే మాత్రం మిగతా భాగస్వాములు ప్రభుత్వ వాటాను దాదాపు అసలు ధరకే కొనుక్కోవచ్చు. విదేశీ పెట్టుబడిదారులు పరిగెత్తుకొచ్చారు. కొన్నేళ్లలోనే ప్రభుత్వం తన వాటాలు అమ్ముకుని తప్పుకుంది. నాకు ఇందులో నచ్చింది యోజ్మా కంటే ఇన్‌బాల్‌ను ఆపేసిన తీరు. పారని పథకాన్ని పారలేదని ఒప్పుకోవడం ఏ ఆఫీసులోనూ తేలిక కాదు.

ఇక భద్రత. నేనున్న గెస్ట్‌హౌస్‌లో ఒక గదికి మందపాటి కాంక్రీటు గోడలు, కిటికీకి ఇనుప రేకు ఉన్నాయి. 1991 గల్ఫ్ యుద్ధంలో ఇరాక్ స్కడ్ క్షిపణులు పడ్డాక, కొత్తగా కట్టే ప్రతి ఇంట్లో అలాంటి గది ఉండాలని చట్టం తెచ్చారు. చాలా ఇళ్లలో అందులో పిల్లల్ని పడుకోబెడతారు, రాత్రి సైరన్ మోగితే నిద్ర లేపి ఎత్తుకుపోయే పని ఉండదని. గాజా పక్కనున్న స్డెరోత్ ఊళ్లో సైరన్‌కీ రాకెట్‌కీ మధ్య 15 సెకన్లే ఉంటాయి. రాకెట్లను గాల్లోనే కూల్చే ఐరన్ డోమ్ 2011లో వచ్చింది. వచ్చే రాకెట్ ఎక్కడ పడుతుందో లెక్కగట్టి, జనం ఉన్న చోట పడేవాటినే కూల్చడం దాని పద్ధతి. ఇంజనీరుగా దాన్ని చూసి ఆశ్చర్యపోయాను.

అక్కడి సైన్యంలో 'రోష్ గదోల్' అని ఒక మాట ఉంది. 'పెద్ద తల' అని అర్థం. చెప్పింది చేసి ఊరుకోకుండా, బాధ్యత మీద వేసుకునేవాణ్ని అలా మెచ్చుకుంటారు. చిన్నవాడు పెద్దవాడి మాటకు ఎదురు చెప్పడం అక్కడ మామూలు అని మన పత్రికలు రాస్తుంటాయి. నేనూ నమ్మాను. చరిత్ర చదివితే అంత సూటిగా లేదు. 1973 అక్టోబర్ 1న బిన్యమిన్ సిమాన్-తోవ్ అనే లెఫ్టినెంట్, ఈజిప్టు విన్యాసాల ముసుగులో యుద్ధానికి సిద్ధమవుతోందని రాసి ఇచ్చాడు. పై అధికారి దాన్ని ముందుకు పంపలేదు. 6న యుద్ధం వచ్చింది. ఆ తర్వాత, అందరూ ఒప్పుకున్న అంచనాకు ఎదురు వాదించడమే పనిగా గూఢచారి విభాగంలో ఒక చిన్న బృందాన్ని పెట్టారు.

50 ఏళ్లు గడిచాయి. గాజా చుట్టూ సుమారు 65 కిలోమీటర్ల కంచె. కెమెరాలు, రాడార్లు, భూమి లోపల గోడ, దూరం నుంచి పేల్చే తుపాకులు. నహల్ ఓజ్ సైనిక స్థావరంలో, సైన్యంలో ఉన్న మీ వయసు అమ్మాయిలు రాత్రీ పగలూ ఆ కెమెరాల తెరలు చూసేవాళ్లు. కంచె దగ్గర గాజాలోని సాయుధ సంస్థ హమాస్ సాధన చేస్తోందని, నమూనా ట్యాంకు మీద దాడి నేర్చుకుంటోందని నెలల తరబడి పై అధికారులకు చెప్పారు. బతికి బయటపడ్డవాళ్లూ, పోయినవాళ్ల తల్లిదండ్రులూ ఈ సంగతి బహిరంగంగా చెప్పారు. 2023 అక్టోబర్ 7 ఉదయం హమాస్ దాడి చేసింది. దాని డ్రోన్లు కెమెరాల మీద బాంబులు జారవిడిచాయి, తెరలు ఆరిపోయాయి. ఆ రోజు ఇజ్రాయెల్లో సుమారు 1,200 మంది చనిపోయారు. 251 మందిని బందీలుగా పట్టుకుపోయారు. ఆ స్థావరంలోని అమ్మాయిల్లో చాలామంది అక్కడే చనిపోయారు. కెమెరాలు పనిచేసినన్నాళ్లూ చూపించాయి, అమ్మాయిలు చూశారు, చెప్పారు. పైన వినేవాళ్లు లేరు. అది తలుచుకుంటే ఇప్పటికీ నా గొంతు పూడుకుపోతుంది.

తర్వాత జరిగిన యుద్ధంలో గాజాలో చనిపోయినవాళ్లు 60 వేలు దాటారని అక్కడి ఆరోగ్య శాఖ చెప్పింది. అందులో పసిపిల్లలు వేలమంది. దీని గురించి మాట్లాడకుండా ఇజ్రాయెల్ టెక్నాలజీని పొగిడి వెళ్లిపోవడం నా వల్ల కాదు. నేను నీళ్ల మనిషిని కాబట్టి నీళ్ల సంగతే ఒకటి చెబుతాను. 1967లో పాలస్తీనీయులుండే వెస్ట్ బ్యాంక్‌ను పట్టుకున్నాక ఇజ్రాయెల్ సైన్యం ఇచ్చిన 158వ ఉత్తర్వు ప్రకారం, అనుమతి లేకుండా పాలస్తీనా రైతు కొత్త బావి తవ్వకూడదు. ఆ అనుమతి దొరకడం చాలా కష్టం. ప్రతి చుక్కనూ కొలిచే దేశమే, కంచె అవతలి రైతు దాహాన్ని వేరే లెక్కలో రాసింది. హత్జెరిమ్‌లో నేను నేర్చుకున్న విద్య మీద నాకున్న గౌరవం తగ్గలేదు. కానీ ఆ బావి మాట వదిలేసి ఆ విద్య గురించి చెప్పడం నాకు చేతకాదు.

ప్రశ్నలుంటే ఇప్పుడు అడగండి. రేపు పొద్దున 6 గంటలకు ఇందాక చెప్పిన పెద్దాయన తోటకు వెళ్తున్నాను. వచ్చేవాళ్లు కాలేజీ గేటు దగ్గర ఉండండి. ప్రెషర్ గేజ్ నేను తెస్తాను. మొదటి వరసలో ఒకసారి, దిగువ చివరి వరసలో ఒకసారి మీరే కొలవండి. కొలిచాక ఆయన్ని కూడా అడగండి.