చింతగింజలతో లెక్కల పాఠం

(దేవరకొండ వైపు ఒక ఊరి బడిలో, తల్లిదండ్రుల సమావేశంలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగం)

పత్తి చేను పని ఆపుకుని వచ్చిన అమ్మలకు, అక్కలకు, అన్నలకు, పెద్దలందరికీ నమస్కారం.

2020 మార్చిలో బడులు మూతపడ్డయి. సెప్టెంబరు 1 నుంచి టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి చానళ్లలో పాఠాలు మొదలైనయి. అవి కూడా మూడో తరగతి నుంచి పదో తరగతి దాకానే. అప్పుడు ఒకటో తరగతిలో ఉన్న పిల్లలు ఇప్పుడు హైస్కూలు పిల్లలు. ఆ ముచ్చట ఇప్పుడెందుకు అనుకోవచ్చు. వానలు గట్టిగ కొడితే బడికి సెలవిస్తరు, హోంవర్క్ వాట్సాప్ గ్రూపులో పడుతది. కాలు విరిగి మంచంల ఉన్న పిల్లకు ఫోన్ పాఠమే దిక్కు. ఇంట్లో చదువు ఆగలేదు, ఆగదు కూడా. అది పిల్లలకు శిక్ష లెక్క కాకుండా ఇష్టమైన పని ఎట్లయితదో అదే మాట్లాడుకుందాం.

టీవీ ముందు పిల్లలకు ఎందుకు విసుగొస్తది? తరగతిలో పిల్ల మొహం చూస్తేనే మాకు తెలుస్తది, అర్థమైందా లేదా అని. పక్కన సోపతిగాడు ఉంటడు, గుసగుసగా అడగొచ్చు. టీవీల సారు ఎవరికోసం ఆగడు. పిల్ల ఒక మాట అంటే తిరిగి ఒక మాట అనేటోళ్లు లేరు. ఆ తిరుగుమాట ఇచ్చే పని ఇంట్లోవాళ్లది. దానికి మీకు చదువు రావాల్సిన అవసరం లేదు.

పదో తరగతి లెక్కల్లో సంభావ్యత అనే పాఠం ఉన్నది. పుస్తకంలో నాణేలు, పాచికలు ఉంటయి. మన ఇండ్లల్లో అష్టాచెమ్మ ఉన్నది. నాలుగు చింతగింజలు తీసుకుని ఒక్కో పక్క బండమీద అరగదీయండి. ఆ పక్క తెల్లగ అయితది, రెండో పక్క నల్లగనే ఉంటది. నాలుగూ తెల్లగ పడితే చెమ్మ, అంటే నాలుగు. నాలుగూ నల్లగ పడితే అష్ట, అంటే ఎనిమిది. ఇప్పుడు పిల్లతో వంద పందేలు వేయించండి. ఒకటి, రెండు, మూడు, చెమ్మ, అష్ట అని నోట్‌బుక్కుల ఐదు గళ్లు గీసి, ఏది పడితే ఆ గడిలో ఒక గీత పెట్టమనండి. చివరికి చాలాసార్లు రెండు గడిలోనే గీతలు ఎక్కువుంటయి.

ఎందుకని పిల్లనే అడగండి. నాలుగు గింజలు తెలుపో నలుపో పడటానికి మొత్తం 16 తీర్లున్నయి. రెండు తెలుపు, రెండు నలుపు పడేవి అందులో 6. చెమ్మకు ఒకటే తీరు, అష్టకు ఒకటే తీరు. ఇది తెలిసిన పిల్లకు పుస్తకంల సంభావ్యత భయం పెట్టదు. ఒక్కోసారి లెక్క తప్పుతది, గింజ ఒక పక్క ఎక్కువ అరిగితే అటే పడుతుంటది. అది కూడా పిల్లనే కనిపెట్టనియ్యండి, అసలు సంతోషం అక్కడున్నది. పక్కన కూసున్న నాయనమ్మ “రెండే ఎక్కువ పడ్తది బిడ్డా, నాకెరుక” అంటది. ఆమెకు ఎట్ల తెలుసో మనవరాలు అడిగితే, ఆ సాయంత్రం ఇల్లంతా లెక్కల మీదనే ఉంటది.

భిన్నాలు చెప్పాలంటే పాత కొలతలు చాలు. నాలుగు గిద్దెలు ఒక సోల, నాలుగు సోలలు ఒక మానిక. గిద్దెడు బియ్యం మానికలో పదహారో వంతు అని పిల్ల స్వయంగా కొలిచి చెప్పాలి.

భూమి పాసుపుస్తకం కూడా తీయండి అన్నా. దాంట్ల 2.20 అని ఉంటే రెండెకరాల ఇరవై గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు. దశాంశాలు నేర్చుకున్న పిల్ల దాన్ని రెండుంబావు కంటే తక్కువ అనుకుంటది. ఎకరానికి 40 గుంటలని గుర్తు చేయండి. గుంటకు 121 గజాలైతే ఎకరానికి ఎన్ని గజాలో పిల్లతోనే గుణించమనండి. మన చెలక లెక్క అంటే పిల్లలకు పట్టుదల వస్తది.

“మాకు చదువు రాదు సారు” అంటరు చాలామంది అమ్మలు. పాఠం అయినంక ఒక్క మాట అడగండి: “ఇయ్యాల ఏం చెప్పిండ్రు, నాకు జెప్పు.” పిల్ల మీకు పంతులైతది. మధ్యల ఆగిపోతే తిట్టకండి. టీ-శాట్ పాఠాలు యూట్యూబ్‌లో ఉన్నయి, ఆగిన కాడికి వెనక్కిపోయి మళ్లీ చూసుకుంటది. తండా పిల్లలు పాఠాన్ని లంబాడీల చెప్తే లంబాడీలనే చెప్పనియ్యండి, తెలుగుల చెప్పమని ఆపకండి. సొంత భాషలో చెప్పగలిగిందంటే పాఠం తలకెక్కినట్టే. నాయన హైదరాబాద్‌ల, బొంబాయిల పనికి పోయి ఉంటే, రాత్రి ఫోన్ చేసినప్పుడు “తిన్నవా” అన్న తర్వాత పాఠం గురించి కూడా అడగమనండి. రోజంతా ఆ ఫోన్ కోసం చూసే పిల్ల, నాయనకు చెప్పడానికైనా పాఠం మనసుపెట్టి వింటది.

ఒక్కటి మాత్రం గట్టిగ చెప్తున్న. ఒక పాఠం కాంగనే ఇంకో పాఠం పెట్టకండి. బయటికి పంపండి, గోటీలాడనియ్యండి, తొక్కుడుబిళ్ల ఆడనియ్యండి. ఆటను పాఠానికి లంచంగా చూపెట్టొద్దు, ఆట ఆటే.

ఒక్క ఫోన్, ముగ్గురు పిల్లలు ఉన్న ఇండ్లు ఇక్కడ చానా ఉన్నయి. ఫోన్ ఎవరికి ఎప్పుడియ్యాలో కొందరు అమ్మలు పద్ధతి పెట్టుకున్నరని విన్న. వాళ్లే వచ్చి చెప్తే బాగుంటది, మైకు ఇటు పంపుతున్న.