నాన్న కోసం కొన్న పాత మినీ పీసీ: నాలుగు నెలల వాడకం తర్వాత

నమస్తే అండీ. ఇదిగో, నా చేతిలో ఉన్నది చూడండి. పొడవూ వెడల్పూ 18 సెంటీమీటర్లు, మందం మూడున్నర. లెనోవో థింక్‌సెంటర్ ఎమ్720క్యూ టైనీ. పోయిన దీపావళి తర్వాత దీన్ని తెనాలి తీసుకెళ్ళి నాన్న టేబుల్ మీద పెట్టాను. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, "మోడెమ్ బాగానే ఉంది, సీపీయూ ఎప్పుడొస్తుందిరా?" అన్నారు. ఇదే సీపీయూ నాన్నా అంటే నమ్మలేదు. మానిటర్‌కి కేబుల్ పెట్టి ఆన్ చేసి చూపించాక కూడా రెండు రోజులు దాన్ని అనుమానంగానే చూశారు.

నాన్న రిటైరైన తెలుగు మాస్టారు. పద్యాలకు తాత్పర్యాలు రాసుకోవడం, యూట్యూబ్‌లో ప్రవచనాలు వినడం, కరెంటు బిల్లు కట్టడం, ఆదివారం పూట అమెరికాలో ఉన్న చెల్లితో వీడియో కాల్. ఆయన కంప్యూటర్ పనంతా ఇంతే. ఇంట్లో పదేళ్ళ నాటి అసెంబుల్డ్ డెస్క్‌టాప్ ఒకటి ఉండేది, విండోస్ 10 మీద నడిచేది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ఆగిపోయింది. విండోస్ 11 అధికారికంగా ఎక్కాలంటే ఇంటెల్‌లో ఎనిమిదో తరం ప్రాసెసర్ నుంచి ఉండాలి, టీపీఎమ్ 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి. ఆ పాతదానికి రెండూ లేవు. కొత్తది అసెంబుల్ చేయిస్తే నలభై ఐదు వేలన్నారు ఒక షాపులో. ప్రవచనాలు వినడానికి నలభై ఐదు వేలా అని ఊరుకున్నాను.

ఇలాంటి చిన్న డబ్బాలు ఆఫీసుల్లో మూడు నాలుగేళ్ళు వాడి తీసేస్తారు. అవి శుభ్రం చేసుకుని రీఫర్బిష్డ్ పేరుతో మార్కెట్‌లోకి వస్తాయి. డెల్‌లో ఆప్టిప్లెక్స్ మైక్రో, హెచ్‌పీలో ఎలైట్‌డెస్క్ మినీ, లెనోవోలో టైనీ, మూడూ ఒక తాను గుడ్డలే. హైదరాబాద్ వాళ్ళకి చెప్పక్కర్లేదు, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ అనే కంప్యూటర్ మార్కెట్ అంతా తిరిగితే వరసగా పేర్చి కనబడతాయి. నాది ఐ5-8500టీ ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, ఫైళ్ళు దాచుకోవడానికి 256 జీబీ ఎస్‌ఎస్‌డీ. 13,500 పెట్టాను. 2025 చివర్లో ర్యామ్ ధరలు బాగా పెరిగాయి కాబట్టి మీరు వెళ్ళేసరికి రేటు ఇంకోలా ఉండొచ్చు.

షాపులో బేరం కంటే ముందు చెయ్యాల్సిన పని ఒకటుంది. డబ్బా ఆన్ చేయించండి. పైన స్టిక్కర్ ఏం చెబుతోందో వదిలేయండి, స్టిక్కర్లు విడిగా కూడా దొరుకుతాయి. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ పేజీ తెరిస్తే ప్రాసెసర్ పేరు కనబడుతుంది. అక్కడే మెమరీ మీద నొక్కితే ర్యామ్ పెట్టే రెండు స్లాట్లలో ఎన్ని నిండాయో కూడా ఉంటుంది. తర్వాత రీస్టార్ట్ చేసి ఎఫ్1 కొట్టి బయోస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందుండే సెట్టింగుల్లోకి, వెళ్ళండి. పాస్‌వర్డ్ అడిగిందా, అక్కడే పెట్టేసి వచ్చేయండి. ఎంత చవకైనా సరే. ఇంకో సంగతి చాలామందికి తెలియదు: కొన్ని కంపెనీలు తమ కంప్యూటర్లను మైక్రోసాఫ్ట్ దగ్గర తమ పేరు మీద నమోదు చేసి, అమ్మేటప్పుడు ఆ నమోదు తీయించడం మర్చిపోతాయి. ఇంటికొచ్చి మీరు విండోస్ రీసెట్ కొడితే, ఏదో ఆఫీసు పేరు తెరమీదకొచ్చి వాళ్ళ ఉద్యోగి లాగిన్ అడుగుతుంది. అందుకే షాపులోనే, మీ కళ్ళెదుటే, ఇంటర్నెట్ ఇచ్చి ఒకసారి రీసెట్ చేయించండి. అరగంట పడుతుంది. టీ తాగి రండి.

ఇంత చెబుతున్నాను కదా, నేను మాత్రం ఒకచోట బోల్తా పడ్డాను. డబ్బా అంతా చూశాను, అడాప్టర్ చూడలేదు. తెనాలిలో మూడో రోజు వీడియో కాల్ మధ్యలో టప్‌మని ఆరిపోయింది. అడాప్టర్ పట్టుకుంటే ఇస్త్రీపెట్టెలా ఉంది. తిప్పి చూస్తే 65 వాట్లని ఉంది, కంపెనీ పేరు లేదు, బీఐఎస్ నాణ్యతా ముద్ర లేదు, చేతిలో దూదిలా తేలిక. షాపాయన ఫోన్ తీశాడు గానీ "అందరికీ అదే ఇస్తున్నాం సార్" అన్నాడు. అసలుది విడిగా కొనడానికి ఇంకో పద్నాలుగు వందలు అయ్యాయి. ఆఫీసు డబ్బాల్లో కొన్ని మోడళ్ళయితే అడాప్టర్ తనది కాదని కనిపెట్టి, ఆరిపోకుండా ప్రాసెసర్‌నే నెమ్మది చేసుకుంటాయి. అప్పుడు మనం డబ్బానే తిట్టుకుంటాం.

సరే, మూత తీద్దాం. వెనక ఒకే ఒక్క స్క్రూ. తీసి పై మూతని ముందుకు తోస్తే వచ్చేస్తుంది. దగ్గరగా చూడండి, ఈ ఫ్యాన్ రెక్కల వెనక రాగి గొట్టం ఉంది కదా, దాని చివర సన్నటి పలకల మధ్య దుమ్ము అట్టకట్టి కంబళిలా ఉంది. నోటితో ఊదకండి, లోపలికి తడి పోతుంది. ఫ్యాన్‌ని వేలితో ఆపి పట్టుకుని మెత్తని బ్రష్‌తో తీశాను. ఈ చిన్న గుండ్రటి సెల్ సీఆర్2032. డేటూ టైమూ మాటిమాటికీ వెనక్కి పోతున్నాయంటే మార్చాల్సింది ఇదే, ఖరీదు కాఫీ అంత. ర్యామ్, ఎస్‌ఎస్‌డీ కింది మూత వైపు ఉంటాయి. వచ్చిన 8 జీబీ పక్కన ఇంకో 8 జీబీ వేశాను. ల్యాప్‌టాప్‌లో వేసే చిన్న సైజు డీడీఆర్4 అని అడగాలి, పెద్ద డెస్క్‌టాప్ ర్యామ్ పట్టదు. దీనికి విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు, ర్యామ్‌నే పంచుకుంటుంది. కాబట్టి ఒకటే 16 జీబీ పెట్టడం కంటే 8 జీబీవి రెండు పెడితే కాస్త చురుగ్గా ఉంటుంది.

ఇప్పుడు మానిటర్. నేను డబ్బా మీద మిగిల్చిందంతా ఇక్కడే పెట్టాను, అదే మీకూ చెబుతాను. 24 అంగుళాల ఐపీఎస్ రకం తెర, ఫుల్ హెచ్‌డీ. షాపులో 27 అంగుళాలది అదే ధరకి ఇస్తామంటే నాన్న కళ్ళు మెరిశాయి. నేనే వద్దన్నాను. రెండింటిలోనూ చుక్కలు అవే 1920 అడ్డం, 1080 నిలువు. 24లో అంగుళానికి 92 చుక్కలు పడితే 27లో 82 పడతాయి. ఇంగ్లీషు చదివేవాళ్ళకి అదేం పెద్ద తేడా కాదు. తెలుగు వేరు. "స్త్రీ" అని రాసి చూడండి. సకారం కింద తావత్తు, దాన్ని చుట్టుకుని క్రారవడి, పైన దీర్ఘం, అంతా ఒక్క అక్షరం జాగాలో ఇమడాలి. చుక్కలు పెద్దవైతే వత్తులన్నీ ముద్దైపోతాయి. 24 అంగుళాల మీద స్కేలింగ్, అంటే అక్షరాల సైజు, 125 శాతం పెట్టి, అక్షరాల అంచులు నున్నగా చూపించే క్లియర్‌టైప్ ఒకసారి సరిచేశాక నాన్న అన్న మాట, "ఇప్పుడు ళ కీ శ కీ తేడా తెలుస్తోంది." నాకు అంతకంటే రివ్యూ అక్కర్లేదు.

మానిటర్ పై అంచు కంటి ఎత్తులో ఉండాలని అంతా చెబుతారు. నేనూ కింద రెండు పుస్తకాలు పెట్టి లేపాను. మర్నాటికి నాన్న మెడ పట్టేసింది. కారణం కళ్ళజోడు. ఆయనది బైఫోకల్, దగ్గరవి చూడాలంటే అద్దం కింది భాగంలోంచి చూడాలి, దాంతో తల వెనక్కి వాల్చి చూస్తున్నారు. పుస్తకాలు తీసేసి, మానిటర్ బాగా కిందికి దించి, కాస్త వెనక్కి వంచాను. సర్దుకుంది. మీ ఇంట్లో పెద్దవాళ్ళకి పెడుతుంటే ముందు కళ్ళజోడు సంగతి చూడండి.

తెలుగు టైపింగ్‌కి ఏ సాఫ్ట్‌వేరూ డౌన్‌లోడ్ చెయ్యక్కర్లేదు. విండోస్ సెట్టింగ్స్‌లో భాష దగ్గర తెలుగు చేర్చుకుంటే కీబోర్డులు రెండు దొరుకుతాయి: ఇన్‌స్క్రిప్ట్, ఫొనెటిక్. ఇంగ్లీషు అక్షరాలతో అమ్మ అని కొట్టే అలవాటున్నవాళ్ళకి ఫొనెటిక్ చాలు. నాన్నకి నేను ఇన్‌స్క్రిప్ట్ పెట్టాను. ఎడమచేతి కింద అచ్చులూ గుణింతాలూ, కుడిచేతి కింద చాలావరకు హల్లులు. తెలుగు మాస్టారికి వర్ణమాల పద్ధతి ఒంటికి పట్టినంత వేగంగా ఎవరికీ పట్టదు, రెండు వారాల్లో చూడకుండా కొడుతున్నారు. కీల మీద తెలుగు స్టిక్కర్లు అంటించాను, అవి నెలకే అంచులు లేచాయి, ఈలోపు వాటి పని అయిపోయింది. తెలుగు నుంచి ఇంగ్లీషుకి మారాలంటే విండోస్ కీ పట్టుకుని స్పేస్. కీబోర్డు వైరుదే కొనండి. వైర్‌లెస్‌కి బ్యాటరీ అయిపోయిన రోజు నాకే ఫోన్ వస్తుంది.

కరెంటు. పెద్ద డెస్క్‌టాప్‌తో పోలిస్తే ఇది తినేది తక్కువ. మానిటర్‌తో కలిపి నలభై వాట్లు వేసుకున్నా, రోజుకి ఆరు గంటల చొప్పున నెలకి ఏడు యూనిట్ల పైచిలుకు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాని వెనక యూపీఎస్ మోడ్ అని స్విచ్ ఉందేమో చూడండి. ఉంటే అటు తిప్పితే చాలు, కరెంటు పోయిన క్షణంలో కంప్యూటర్ ఆరకుండా అందుకుంటుంది. మాకు ఇన్వర్టర్ లేదు. 600 వీఏ యూపీఎస్ పెట్టాను, దీనికి అరగంట దాకా ఢోకా లేదు. రూటర్ ప్లగ్ కూడా అందులోకే మార్చండి, లేకపోతే కంప్యూటర్ వెలుగుతుంటుంది, వీడియో కాల్ పోతుంది.

నచ్చనివీ ఉన్నాయి. హెడ్‌ఫోన్ రంధ్రం ముందు వైపే ఉంది, స్పీకర్ వైరు పందిరి తీగలా ముందుకి వేలాడుతోంది. ఉన్న స్పీకర్ బీప్ కొట్టడానికే, పాటకి కాదు. వైఫై కార్డు అన్ని డబ్బాల్లోనూ ఉండదు, అడిగి తీసుకోవాలి. ఏవీ1 అనే కొత్త రకం వీడియోని ఈ గ్రాఫిక్స్ నేరుగా విప్పలేదు, ఆ భారం ప్రాసెసర్ మీద పడుతుంది. 1080పీ దాకా ఇబ్బంది లేదు, 4కే పెడితే ఫ్యాన్ ఈల వేస్తుంది. గేములు ఆడే పిల్లలుంటే ఈ వీడియో ఇక్కడే ఆపేయండి, ఇది మీ డబ్బా కాదు.

నాన్న ఇప్పుడు ప్రింటర్ అడుగుతున్నారు. నెలకి పది పేజీలు కూడా ఉండవు, ఇంకు ప్రింటర్ కొంటే వాడక వాడక నాజిల్ ఎండిపోతుంది. కొంటే నలుపు తెలుపు లేజరే, అదీ యూపీఎస్‌కి తగిలించకూడదు, దాని లోడు మోయలేదు. నేనింకా తేల్చలేదు. ప్రస్తుతానికి ఫైలు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వీధి చివర జిరాక్స్ షాపుకి వెళ్తున్నారు. గంటకి గానీ తిరిగి రావట్లేదు, అక్కడ ఎవరికో ఛందస్సు చెబుతున్నారట.