‘వయసు పైబడింది’ అని రాసే ముందు

అందరికీ నమస్కారం. ఇక్కడ ఫైనలియర్ నర్సింగ్ పిల్లలే ఎక్కువ కాబట్టి నేరుగా వార్డులోకే వెళ్తాను.

నేను మీలాగే చదువుకునే రోజుల్లో ఆలూరు దగ్గరి పల్లె నుంచి ఒక అవ్వ అడ్మిట్ అయింది. పిలిస్తే పలకదు, ముద్ద ముట్టదు. జ్వరం లేదు. ‘వయసు పైబడింది, మగతగా ఉంది’ అని నోట్సులో రాశాను. మర్నాడు కోడలు వచ్చి, ‘మొన్నటి దాకా జొన్నలు చెరిగింది, నాతో కొట్లాడింది కూడా’ అంది. అప్పుడు పరీక్ష చేస్తే మూత్రంలో ఇన్‌ఫెక్షన్. మందులు పడ్డాక నాలుగో రోజు నన్ను ‘పాపా’ అని పిలిచింది. ఆమెకు ఒక రోజు వైద్యం ఆలస్యమైంది నా వల్లే. ఇప్పటికీ బాధ పడతాను.

ఇలా మనిషి ఉన్నట్టుండి తికమక పడటాన్ని, మగతలోకి జారడాన్ని డెలీరియం అంటారు. పెద్దవాళ్లకు ఇన్‌ఫెక్షన్ ఉన్నా జ్వరం రాకపోవచ్చు. ఒంట్లో నీళ్లు తగ్గినా, కొత్తగా మొదలుపెట్టిన మాత్ర ఒంటికి సరిపడకపోయినా తికమక పడతారు. కొందరు అరుస్తారు, కొందరు మౌనంగా పడుకుంటారు. మౌనంగా ఉన్నవాళ్లనే మనం వదిలేస్తాం. ముసలితనం రాత్రికి రాత్రి రాదు కదా!

దేన్నైనా వయసు మీదికే తోసేసే ఈ చూపుకు 1969లో అమెరికా డాక్టర్ రాబర్ట్ బట్లర్ ‘ఏజిజం’ అని పేరు పెట్టాడు. వయసు వివక్ష అన్నమాట. ప్రపంచంలో ఇద్దరిలో ఒకరికి పెద్దవాళ్ల పట్ల ఈ చూపు ఉందని 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నివేదిక చెప్పింది. మన చదువులోనూ ఒక లోపం ఉంది. మీరు చూసే అవ్వాతాతలంతా మంచం మీద ఉన్నవాళ్లే. ఆదోని, ఆలూరు వైపు జనం గుంటూరుకు మిరప కోతలకు వలస పోతే ఇల్లూ, మనవళ్లూ, గొడ్లూ చూసుకునేది ఆ అవ్వాతాతలే. మొదటి పోస్టింగ్ వాళ్ల దగ్గర వేయాలని నేను గట్టిగా అడుగుతున్నాను.

ఇంకొక మాట. క్లాసులో ముప్పై దాటిన అక్కను ‘ఆంటీ’ అని వెనక బెంచీలో కూర్చోబెట్టడమూ ఇదే జబ్బు. అత్తకు ఏళ్ల తరబడి సేవ చేసి వచ్చిన ఆమె దగ్గర మనం నేర్చుకోవాల్సింది చాలా ఉంది.

రేపు డ్యూటీలో అవ్వ మంచం పక్కన కూర్చోండి. మీ ముఖం ఆమెకు కనపడాలి. అరవకండి, నిదానంగా మాట్లాడండి. తోడు వచ్చినవాళ్లను, ‘వారం కిందట ఈమె ఏ పనులు చేసుకునేది?’ అని అడగండి. ఆ జవాబును నోట్సులో మొదటి లైనుగా రాయండి.