పెరిగే పిల్లాడికి బేస్‌బాల్ బ్యాట్

శ్రోతలకు నమస్కారం.

పెరిగే పిల్లలున్న ఇంట్లో అందరం చేసే పని ఒకటుంది. చెప్పులు ఒక సైజు పెద్దవి కొంటాం. యూనిఫాం కాస్త వదులుగా కుట్టిస్తాం. ప్యాంటు అంచు లోపలికి మడిచి కుట్టమంటాం, వచ్చే ఏడు విప్పుకోవచ్చని. ఇందులో తప్పేం లేదు. నేను అదే లెక్క బేస్‌బాల్ బ్యాట్‌కూ పెట్టాను. అక్కడ దెబ్బతిన్నాను.

మాది నాగర్‌కర్నూల్. మా మనవడికి పన్నెండేళ్లు. మన వైపు ఆటంటే క్రికెట్టే అనుకుంటాం గానీ, బడి పిల్లల పోటీల్లో బేస్‌బాల్, సాఫ్ట్‌బాల్ కూడా ఉన్నాయి. వీడు రాయి విసిరే తీరు చూసి పీఈటీ సార్ బేస్‌బాల్‌లో పెట్టారు. డాలస్‌లో ఉండే మా అబ్బాయి సంక్రాంతికి వస్తూ ఫోన్ చేశాడు.

"నాన్నా, అల్లునికి కాంపోజిట్ బ్యాట్ తెస్తున్న. ఏ సైజు తేవాలె?"

"పెద్దదే తే బిడ్డా. పెరిగే పోరడు, నాలుగేండ్లు వస్తది" అన్నాను.

తెచ్చాడు. 32 అంగుళాల పొడవు, 29 ఔన్సుల బరువు. మూడు వందల డాలర్లు పెట్టాడట. నల్లగా నిగనిగలాడుతోంది. 29 ఔన్సులంటే మన లెక్కలో 820 గ్రాములు. పెద్దవాళ్ల క్రికెట్ బ్యాట్ కిలో దాటుతుంది కదా, ఇదెంత అనుకున్నాను.

మనవడు తిప్పితే బంతి వెళ్లిపోయాక బ్యాట్ వచ్చేది. వారం రోజులు అదే తంతు. "తాతా, ముందట బరువున్నది" అన్నాడు. "అలవాటైతదిలే" అన్నాను.

వాడు చెప్పిందే నిజం. క్రికెట్‌లో మనం ఎక్కువగా బ్యాట్‌ను పైనుంచి కిందికి దించుతాం, ఆ బరువు మనకే సాయం చేస్తుంది. బేస్‌బాల్‌లో బంతి నేల తాకదు, గాల్లోనే నేరుగా వస్తుంది. బ్యాట్‌ను భుజం మీదినుంచి ఒంటి చుట్టూ అడ్డంగా తిప్పాలి. అమెరికాలో లిటిల్ లీగ్ అనే పిల్లల పోటీలు ఆడే ఆ వయసు వాళ్లకు బంతి విసిరేది 46 అడుగుల దూరం నుంచే. మన క్రికెట్ పిచ్ 66 అడుగులు. అంత దగ్గరినుంచి వచ్చే బంతికి పిల్లాడి చెయ్యి ఎంత తొందరగా తిరగాలో మీరే చూడండి.

తర్వాత తెలిసింది, ఆ 32కి 29 బ్యాట్ అక్కడ హైస్కూల్ పిల్లలు ఆడేదట. పొడవు అంగుళాల్లో, బరువు ఔన్సుల్లో. ఈ రెండు అంకెల తేడాను డ్రాప్ అంటారు. 32కి 29 అంటే డ్రాప్ మూడు. 30 అంగుళాలు, 20 ఔన్సులైతే డ్రాప్ పది. డ్రాప్ పెరిగినకొద్దీ బ్యాట్ తేలిక. మా పిల్లాడికి కావాల్సింది ఆ డ్రాప్ పది లాంటిది. 570 గ్రాములు కూడా ఉండదు.

అసలు కథ ఇంకా ఉంది. తనకు పనికిరాని బ్యాట్‌ను మనవడు స్నేహితుల చేతికిచ్చాడు. వాళ్లు చెరువు శిఖంలో కార్క్ బాల్‌తో క్రికెట్ మొదలుపెట్టారు. మొదటి రోజు ఒకడు కొట్టిన బంతి తుమ్మచెట్లు దాటిందట. ఊరంతా అదే మాట. మూడో రోజు టప్‌మని చప్పుడొచ్చింది. చూస్తే లావు భాగం మీద వెంట్రుకంత గీత. గోరు పెట్టి గీస్తే గోరు ఆగుతోంది. అంటే పగిలినట్టే.

పిల్లల్ని ఏమనాలి? కాంపోజిట్ అంటే కర్ర కాదు, ఇనుము కాదు. సన్నని కార్బన్ పోగుల్ని పొరలు పొరలుగా పేర్చి, రెసిన్ పోసి గట్టిపరిచింది. కొత్తలో బిర్రుగా ఉంటుంది. అసలైన బేస్‌బాల్ బంతితో నూటయాభై, రెండు వందల దెబ్బలు మెల్లగా కొట్టాలి, ప్రతి దెబ్బకూ బ్యాట్‌ను కొంచెం తిప్పుతూ. కొత్త క్రికెట్ బ్యాట్‌కు నూనె పట్టించి సుత్తితో నాక్ చేస్తాం చూడండి, అలాంటి ఓపికే. కార్క్ బాల్ దాని శత్రువు. మన ఎండ కూడా. మే నెలలో కారు డిక్కీలో వదిలేస్తే రెసిన్ దెబ్బతింటుంది. సాఫ్ట్‌బాల్ ఆడే అమ్మాయిలకు దాని బ్యాటే వేరు, బంతి పెద్దది, బరువైనది. ఇది దానికి, అది దీనికి వాడకూడదు.

ఇంకో సంగతి, పోటీకి పోయేముందు ఏ బ్యాట్‌ను ఒప్పుకుంటారో పీఈటీ సార్‌ను అడగండి. అమెరికాలో లిటిల్ లీగ్ పిల్లలు 2018 నుంచి యూఎస్ఏ బేస్‌బాల్ ముద్ర ఉన్న బ్యాట్‌తోనే ఆడాలి, కర్రబ్యాట్‌కు మాత్రం మినహాయింపు. ఇక్కడి నియమం ఇక్కడి వాళ్లే చెప్పాలి.

మరి సైజు ఎలా చూడాలి? పీఈటీ సార్ మా మనవడిని నిలబెట్టి చూపించారు. బ్యాట్ పిడి చివర గుండె మధ్యన ఆనించి, పక్కకు చాచిన చెయ్యి వెంబడి పెట్టాలి. వేళ్లు బ్యాట్ కొసకు అందితే పొడవు సరిపోయినట్టు. తర్వాత బరువు. పిడి పట్టుకుని ఒక్క చేత్తో పక్కకు చాపి, ఇరవై అంకెలు లెక్కపెట్టమన్నారు. చెయ్యి వణికితే బరువెక్కువ. ఈ సంవత్సరం చెయ్యికి ఈ సంవత్సరం బ్యాట్. వచ్చే ఏడు సంగతి వచ్చే ఏడు చూసుకోవాలి.

మనవడు ఇప్పుడు స్కూల్లో ఉన్న పాత అల్యూమినియం బ్యాట్‌తోనే ఆడుతున్నాడు. దానికి సొట్టలున్నాయి గానీ, బంతికి సమయానికి తగులుతోంది. మా అబ్బాయి మళ్లీ ఫోన్ చేస్తే ఈసారి కొలతలు మనవడినే చెప్పమన్నాను.

ఆ మూడు వందల డాలర్ల బ్యాట్ మా వెనక తలుపు పక్కన ఉంది. మా ఊళ్లో కోతుల బెడద మీకు తెలిసిందే. మా ఆవిడ దాన్ని ఒక్క చేత్తో ఎత్తి చూపిస్తే చాలు, జామచెట్టు ఖాళీ.

సెలవు. నమస్కారం.