కేసు నంబరు ముందున్న అక్షరాలు

అందరికీ నమస్కారం. కోర్టుల్లో బెంచి క్లర్కుగా చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఒకరోజు పెందుర్తి వైపు నుంచి ఒక ముసలామె వచ్చింది. ఆమె కొడుకును చంపేశారు. మేజిస్ట్రేటు కోర్టు హాలు బయట పొద్దున్నుంచీ కూర్చుని, ఎంతకీ పిలుపు రాకపోయేసరికి నా దగ్గరికొచ్చి, ‘కేసు కొట్టేసినారేటి బాబూ?’ అని అడిగింది. కొంగు ముడి విప్పి తీసిన కాగితం మీద పి.ఆర్.సి. అని ఉంది. కేసు కొట్టెయ్యలేదు, పై కోర్టుకు వెళ్లింది. ఆ సంగతి ఆమెకు చెప్పిన నాథుడు లేడు. అందుకే ఈ రోజు ఆ అక్షరాల దగ్గర్నుంచే మొదలుపెడతాను.

హత్య కేసు విచారించాల్సింది సెషన్స్ కోర్టే. కానీ పోలీసులు చార్జిషీటు వేసేది మేజిస్ట్రేటు దగ్గర. అక్కడ పి.ఆర్.సి., అంటే ప్రిలిమినరీ రిజిస్టర్ కేసు నంబరు పడుతుంది. ముద్దాయికి నకళ్లు ఇచ్చాక మేజిస్ట్రేటు కేసును సెషన్స్‌కు కమిట్ చేస్తారు, అంటే విచారణకు అక్కడికి పంపేస్తారు. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, దీనికి 90 రోజుల గడువు పెట్టింది; కారణం రాసి 180 దాకా పొడిగించొచ్చు. సెషన్స్‌లో అదే కేసు ఎస్.సి. అవుతుంది, అంటే సెషన్స్ కేసు. నంబరు మారుతుంది, హాలు మారుతుంది. ఆ తల్లికి తెలియనిది ఇదే.

కాగితం మీద సి.సి., అంటే క్యాలెండర్ కేసు, అని ఉంటే మేజిస్ట్రేటు కోర్టులోనే తీర్పు. ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటు మూడేళ్లకు మించి జైలు వెయ్యలేరు. సెషన్స్ జడ్జి ఉరిశిక్ష దాకా వెయ్యగలరు, అయితే హైకోర్టులో కనీసం ఇద్దరు జడ్జీలు ఖాయం చెయ్యాలి.

ఆస్తి తగాదాలది ఓ.ఎస్., అంటే ఒరిజినల్ సూట్. దావా విలువను బట్టి జూనియర్ సివిల్ జడ్జి, సీనియర్ సివిల్ జడ్జి, జిల్లా జడ్జి వింటారు. పెద్దవాళ్లు మున్సిఫ్ కోర్టు, సబ్ కోర్టు అనేవి ఇవే. జిల్లా జడ్జే సెషన్స్ జడ్జి కూడా.

హైకోర్టు 1954లో గుంటూరులో మొదలై, 1956లో హైదరాబాదు వెళ్లింది. రాష్ట్రం విడిపోయాక, 2019 జనవరి 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌కు వేరే హైకోర్టు వచ్చింది, ఇప్పుడు అమరావతి నేలపాడులో ఉంది. కింది జడ్జీల బదిలీలు ప్రభుత్వం చేతిలో కాక హైకోర్టు చేతిలో ఉండటం మనకు చాలా పెద్ద రక్షణ అని నా నమ్మకం. రాజ్యాంగం 235వ అధికరణం ఇచ్చిన రక్షణ అది.

ఇక అప్పీలు. సివిల్ తీర్పు మీద జిల్లా కోర్టుకైతే 30 రోజులు, హైకోర్టుకైతే 90. తీర్పు చెప్పిన రోజునే కాపీ అప్లికేషన్ పెట్టుకోండి. కాపీ తయారుకావడానికి పట్టిన రోజులను గడువులోంచి తీసేస్తారు. సర్టిఫైడ్ కాపీ మీద ముద్ర ఉంటుంది: అప్లికేషన్ ఎప్పుడు పెట్టారు, కాపీ ఎప్పుడు సిద్ధమైంది, ఎప్పుడు ఇచ్చారు. ఆ తేదీలు మీరే లెక్కపెట్టుకోండి, వకీలుగారి మీద వదిలెయ్యకండి. వకీలు ఖర్చు పెట్టుకోలేని ఆడవాళ్లు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి; ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. 15100కి ఫోన్ చేసినా చెబుతారు.

మీలో ఎవరైనా కేసు కాగితం తెచ్చుకుని ఉంటే ముందుకు రండి, కలిసి చదువుదాం.