మోకాలు నొప్పంటున్నా తుంటిని చూడండి

అందరికీ నమస్కారం.

పిల్లవాడు కుంటుతున్నాడంటే ముందు అందరి చూపూ మోకాలి మీదికే పోతుంది. ఎక్కడ నొప్పి అని అడిగితే వాడూ మోకాలే చూపిస్తాడు. మోకాలికి ఎక్స్‌రే తీస్తారు, అందులో ఏమీ కనిపించదు. ఆటల్లో తగిలుంటుందిలే అని ఊరుకుంటారు. నెలలు గడిచిపోయేది ఇక్కడే. తుంటికి వెళ్లే నరాలే మోకాలికీ కొమ్మలు వేస్తాయి కాబట్టి, జబ్బు తుంటిలో ఉన్నా నొప్పి మోకాల్లో తెలుస్తుంది.

తుంటికి వచ్చే పెర్తిస్ జబ్బునే తీసుకోండి. ఎక్కువగా 4 నుంచి 8 ఏళ్ల వయసులో వస్తుంది, ఆడపిల్లల కన్నా మగపిల్లల్లో సుమారు 4 రెట్లు ఎక్కువ. తొడ ఎముక తలకు, అంటే తుంటి కీలులో ఇమిడే గుండ్రటి పైభాగానికి, రక్తం అందక ఆ భాగం చచ్చుబడుతుంది. తర్వాత అక్కడ కొత్త ఎముక పడుతుంది గానీ, అందుకు ఏళ్లు పడుతుంది. ఈలోగా ఆ తల గుండ్రంగా నిలుస్తుందా, అణిగిపోతుందా అన్నదే మా ఎముకల డాక్టర్ల టెన్షనంతా. చాలామంది పిల్లలకు నొప్పి పెద్దగా ఉండదు, కుంటు ఒక్కటే ఉంటుంది. నొప్పి లేదు కదా అని దయచేసి వదిలేయకండి.

ఇంట్లోనే ఒకటి గమనించవచ్చు. పిల్లవాడికి చెప్పకుండా వెనక నుంచి నడక చూడండి. చూస్తున్నారని తెలిస్తే సర్దుకుని నడుస్తాడు. తర్వాత ఒంటికాలి మీద నిలబడమనండి. ఎత్తిన కాలి వైపు నడుము కిందికి జారితే, నేల మీదున్న కాలి తుంటి కండరం బరువు ఆపలేకపోతోందన్నమాట. ట్రెండెలెన్‌బర్గ్ అనే సర్జన్ 1895లో చెప్పిన ఈ పరీక్షను మేం ఇప్పటికీ రోజూ చేస్తాం.

జ్వరంతో పాటు పిల్లవాడు కాలు కింద పెట్టనంటే మాత్రం తెల్లారేదాకా ఆగకండి. కీలులో చీము పట్టి ఉండవచ్చు, అది మృదులాస్థిని, అంటే కీలులో ఎముకల చివర్లను కప్పే నున్నటి పొరను, తినేస్తుంది. పదేళ్లు దాటిన పిల్లలు, ముఖ్యంగా బరువు ఎక్కువున్నవాళ్లు, పాదం బయటికి తిప్పి కుంటుతుంటే తొడ ఎముక తల జారుతోందేమో చూడాలి. ఆ రోజు నుంచే నడిపించకూడదు.

పెద్దవాళ్లలో స్టెరాయిడ్ మందులు ఎక్కువకాలం వాడినవారికీ, మద్యం ఎక్కువగా తాగేవారికీ ఇదే ఎముక తల రక్తం అందక దెబ్బతింటుంది. గజ్జల్లో నొప్పి, కుంటు మొదలవుతాయి. మొదట్లో ఎక్స్‌రే బాగానే ఉందంటుంది, ఎంఆర్ఐలో బయటపడుతుంది. చాలామందికి రెండో వైపు కూడా వస్తుంది కాబట్టి, ఆ తుంటిని కూడా స్కాన్ చేయమని మీరే అడగండి.